నడిచిన దారే ఎందుకు జారుతుంది?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "జనవరిలో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నాం. కొత్త మంచులో అంతగా జారదట, అందరూ నడిచిన దారిలోనే జారుతుందట. నిజమేనా?" నిజమే. మంచు గురించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఈ ప్రశ్నలోనే ఉంది.

ఉత్తరాఖండ్‌లోని సాంక్రి గ్రామం దగ్గర మొదలయ్యే ఈ దారి సుమారు 12,500 అడుగుల శిఖరానికి చేరుస్తుంది. ఏం సర్దుకోవాలో ట్రెక్ నిర్వాహకులే చెబుతారు. నేను ఐసు సంగతి చెబుతాను.

ముందుగా ఒక పాత పాఠాన్ని పక్కన పెట్టాలి. ఒత్తిడికి ఐసు కరిగి నీరవుతుంది, అందుకే జారుతుంది అని మనలో చాలామంది ఇంటర్‌లో చదువుకున్నాం. క్లాసులో ఒక్కసారి లెక్క వేయించి ఉంటే పిల్లలే పట్టేసేవారు. ఐసు కరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గాలంటే దాదాపు 135 అట్మాస్ఫియర్ల ఒత్తిడి కావాలి. బ్యాగుతో కలిపి 80 కిలోలున్న మనిషి 200 చదరపు సెంటీమీటర్ల బూటు మీద నిలబడితే పడేది 0.4 అట్మాస్ఫియర్ మాత్రమే. దానితో తగ్గేది 0.003 డిగ్రీలు. మైనస్ 5 చలిలో అది దేనికీ చాలదు.

అసలు కారణం ఐసు ఉపరితలంలో ఉంది. లోపలి ప్రతి నీటి అణువునూ చుట్టూ ఉన్న నాలుగు అణువులు హైడ్రోజన్ బంధాలతో పట్టి ఉంచుతాయి. పైవరసలో చాలా అణువులకు రెండో మూడో బంధాలే దొరుకుతాయి. కబడ్డీలో చేతులు పట్టుకున్న గొలుసును గుర్తు చేసుకోండి. మధ్యవాడికి రెండు చేతులూ బందీ. కొసనున్నవాడికి ఒక చెయ్యి ఖాళీ, ఎక్కువగా ఊగేది అతనే. ఐసు పైవరస అంతా కొస ఆటగాళ్లే. సున్నాకు చాలా దిగువన కూడా అవి కుదురుగా ఉండవు, అలాగని పూర్తిగా నీరూ కావు. కాలు జారేది ఈ పల్చటి పొర మీదే. జారడం మొదలయ్యాక రాపిడి వేడి తోడవుతుంది. చలి బాగా ముదిరితే ఆటగాళ్లు బిగుసుకుపోతారు. మైనస్ 100 దగ్గర ఐసు మీద జారుడు దాదాపు ఉండదు.

ఇక్కడే నాకు ఒళ్లు పులకరించే మలుపు ఉంది. ఖాళీ చేతులున్న రెండు గొలుసులు ఎదురుపడితే? పట్టుకుంటాయి. రెండు ఐసు ముక్కలను ఆనిస్తే అతుక్కుపోతాయని గమనించిన ఆంగ్ల శాస్త్రవేత్త మైకేల్ ఫారడే, ఐసు మీద నీటి పొర ఉండి ఉంటుందని 1850లోనే చెప్పాడు. కాలు జారేలా చేసే చలనమే మంచు రేణువులను అతికిస్తుంది కూడా.

ఇప్పుడు దారి దగ్గరికి వద్దాం. కొత్తగా పడ్డ మంచులో తొంభై శాతానికి పైగా గాలే. అడుగు పడగానే గాలి పోయి రేణువులు ఒకదానికొకటి ఆనుకుంటాయి. అణువులు కొన్ని ఉపరితలం వెంట జరిగి, కొన్ని ఆవిరై మళ్లీ గడ్డకట్టి, రేణువుల మధ్య మెడల్లాంటి సన్నటి ఐసు వంతెనలు కడతాయి. ఏమీ కరగకుండానే గంటల్లో దారి గట్టిపడుతుంది. పైగా మధ్యాహ్నపు ఎండకు పైపొర కరుగుతుంది, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే చలి తక్కువనుకుంటారు కొందరు. రాత్రి పూట జరిగేది తలకిందులు. మంచు తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది, అడ్డుకోవడానికి మబ్బు ఉండదు. గాలి సున్నాకు రెండు డిగ్రీలు పైనున్నా నేల మీద ఐసు కట్టవచ్చు. రోజూ ఇదే జరిగితే దారి గాజుపలకలా తయారవుతుంది. పక్కనున్న మెత్తటి మంచులో కాలు దిగబడుతుంది కాబట్టి పట్టు దొరుకుతుంది.

బూట్లకు తొడుక్కునే మైక్రోస్పైక్స్ చేసేది ఇదే: ఉక్కు పళ్లు పైపొరను దాటి, నాలుగు బంధాలున్న అణువుల్లోకి దిగుతాయి. కొత్త బూటు గ్రిప్పు చాలు అన్నవాళ్ల మాట వినకండి, రబ్బరు ఆ పొర మీదే ఆగిపోతుంది. తెల్లవారుజామున శిఖరానికి ఎక్కేటప్పుడు ఎలాగూ వేసుకుంటారు. దిగేటప్పుడు ఎండ తగిలే వాలులో మంచు మెత్తబడి కనిపించగానే చాలామంది తీసేస్తారు. దారిలోని జూడా కా తాలాబ్ అనే సరస్సు వైపు దిగుతూ చెట్ల నీడలోకి వచ్చాక ఎండ తగలని ఐసు అలాగే ఉంటుంది. అడవి దాటేవరకు వాటిని తీయకండి.