కలివికోడి హాజరు

చిన్నా, పాపా,

కడప దగ్గర లంకమల్ల అడవికి పోయొచ్చి మీరు రాసిన జాబు అందింది. "బోర్డు మీద కలివికోడి బొమ్మ ఉంది, అడవిలో ఒక్కటీ కనపడలేదు, లేని పిట్టకు అంత అడవి ఎందుకు జేజినాయనా?" అని అడిగినారు. మీరు పోయింది మిట్టమధ్యాహ్నం, అది నిద్ర లేచేది పొద్దుగూకినాక! పైగా కదలకుండా నిలబడిందంటే మట్టి రంగులో కలిసిపోయి కనపడదు. జెర్డాన్ అనే దొర 1848లో దీన్ని లోకానికి తెలిపినాడు, 1900 తర్వాత ఎవరికీ కనపడక ఇక పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన రెడ్డిపల్లి దగ్గర ఊరాయనొకరు రాత్రిపూట బ్యాటరీ లైటు వేసి పట్టుకుంటే, పిట్టలు, జంతువుల మీద పరిశోధన చేసే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు చూసి అదే ఇది అన్నారు.

మరి కంటికి చిక్కని దాన్ని ఎట్ల కనిపెట్టేది? మీ బడిలో హాజరు పట్టీ ఉంది కదా, అట్లాంటిదే పరిశోధన చేసేవాళ్లు అడవిలో పెట్టినారు. పొదల సందుల్లో సన్నటి మన్ను పొడుగ్గా పరుస్తారు. రాత్రి దాని మీద నడిచిన ప్రతి జీవీ సంతకం పెట్టిపోయినట్టే. పొద్దున చూసి రాసుకుని మన్ను మళ్లీ సదును చేస్తే కొత్త పేజీ. తీతువు కాలిగుర్తు కూడా కాస్త కలివికోడి గుర్తులాగే ఉంటుంది, పక్కోడి పేరు పిలిస్తే "ఎస్ సార్" అనే పిల్లోడి మాదిరి, అందుకే స్కేలు పెట్టి కొలుస్తారు. ముందు నుంచి ఏది పోయినా దానంతటదే ఫోటో తీసే కెమెరా ఉంటుంది, అది హెడ్మాస్టరు. గుడ్లగూబ ఎగిరిపోతుంది కాబట్టి పాపం దానికి రోజూ ఆబ్సెంటే.

మా చిన్నప్పుడు అట్లాంటి పొదల్లోకే మేకలు తోలుకుపోయేవాళ్లం. కలివి పండ్లు తిని మూతి నల్లగా చేసుకుని, ముళ్లకు చొక్కా చింపుకుని ఇంటికొస్తే మా జేజి పండ్ల సంగతి అడగదు, చొక్కా సంగతే అడుగుతుంది. ఈ పిట్టకు పొదలు మరీ దట్టమైతే పరుగెత్తే సందుండదు, కొట్టేస్తే దాక్కునే చోటుండదు. దీని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చినారు. నీళ్లకు మొహం వాచిన మన సీమలో కాలువను పక్కకు జరపడమంటే మాటలా! నాకైతే మంచి పనే అనిపించింది, నేల మనకొక్కరికే రాసిచ్చింది కాదు కదా.

ఈ శనివారం రాత్రి పెరట్లో గోడ పక్కన మూరెడు వెడల్పున సన్న మన్ను పరవండి (పిండి జల్లెడ ముట్టుకోవద్దు, మీ అమ్మ నన్ను తిడుతుంది). ఆదివారం ఆమె చీపురు పట్టకముందే లేచి చూడండి. పిల్లి, పందికొక్కు, కప్ప, ఏది పోయినా గుర్తు గీసి, పక్కన కొలత రాసి పంపండి. ఏదో తెలియకపోతే పేరు ఖాళీగా వదిలేయండి, నేను చూస్తా.

మీ జేజినాయన