రాజీ కోపం వెనక 26 ఏళ్ళ యుద్ధం

సమంత ఈళం తమిళ పోరాట యోధురాలు రాజీగా నటించిన గూఢచారి వెబ్ సీరీస్ ‘ద ఫ్యామిలీ మ్యాన్’ రెండో సీజన్ అమెజాన్ ప్రైమ్‌లో 2021 జూన్ 4న వచ్చింది. నిజానికి ఫిబ్రవరి 12నే రావాలి. జనవరిలో అదే ప్లాట్‌ఫామ్‌లో వచ్చిన ‘తాండవ్’ సీరీస్ మీద కేసులు పడ్డాయి, ఆ వేడిలోనే దీని విడుదల వేసవికి జరిగింది. మేలో ట్రైలర్ రాగానే తమిళనాడులో వేరే గొడవ లేచింది. ఈళం (శ్రీలంక) తమిళుల్ని టెర్రరిస్టులుగా చూపిస్తున్నారంటూ తమిళ నాయకులు వైగో, సీమాన్ మండిపడ్డారు. రాష్ట్ర ఐటీ మంత్రి మనో తంగరాజ్ కేంద్రానికి లేఖ రాశారు. మా బృందంలో తమిళులు చాలామంది ఉన్నారు, చూశాక మాట్లాడండి అని సీరీస్ సృష్టికర్తలు రాజ్, డీకే కోరారు.

ఆ కోపం 2021లో పుట్టింది కాదు. 1983 జులైలో శ్రీలంకలోని కొలంబోలో తమిళుల ఇళ్ళు, దుకాణాలు తగలబెట్టి జనాన్ని చంపారు. వేలమంది పడవలెక్కి తమిళనాడు చేరారు. ఆయుధం పట్టిన తమిళ కుర్రాళ్ళకు మన గూఢచార సంస్థ ‘రా’యే శిక్షణ ఇచ్చింది. 1987లో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నారు. శాంతి కోసమని వెళ్ళిన భారత సైన్యం కొన్ని నెలలకే తమిళ పులులతో (ఎల్‌టీటీఈతో) యుద్ధంలో దిగింది. 1990లో తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుంది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్య, మరుసటి ఏడాది ఎల్‌టీటీఈపై నిషేధం. 2009 మేలో పులుల నాయకుడు ప్రభాకరన్ చనిపోయాడు, యుద్ధం ముగిసింది. ఆఖరి నెలల్లో శ్రీలంక సైన్యానికీ, పులులకూ మధ్య ఇరుక్కుని వేలాది మామూలు జనం ప్రాణాలు కోల్పోయారు.

సమంత వేసిన రాజీ పాత్ర కల్పితమే అయినా ఈ చరిత్రలోంచే వచ్చింది. శ్రీలంక సైనికుల చేతిలో నలిగిన ఆ మనిషి గాయాన్ని సమంత ఎక్కువ మాటల్లేకుండానే పలికించింది. ఈ సీజన్‌కి ప్రాణం ఆమే. అలాంటి నటికి ముఖం నల్లబరిచే మేకప్ ఎందుకు? అది ముమ్మాటికీ తప్పు. చెన్నైలో పాత్రలు తమిళంలోనే మాట్లాడటం మాత్రం మెచ్చుకోవాలి. ముంబైలో తీసే సీరీసుల్లో ఆ మర్యాద అరుదు.

అసలు లోపం కథలో ఉంది. మొదటి సీజన్‌లో మిగిలిపోయిన విలన్లు, పాకిస్తాన్ గూఢచార సంస్థ ఐఎస్‌ఐ మేజర్ సమీర్‌నీ, ఉగ్రవాది సాజిద్‌నీ ముందుకు నడపడానికి తమిళుల పోరాటాన్ని వాళ్ళతో ముడిపెట్టారు. దాంతో రాజీ పగ వేరేవాళ్ళ పన్నాగంలో పావు అయిపోయింది. హీరో శ్రీకాంత్ తివారీ ఇంటి గొడవలకు ఇచ్చినంత సమయం 1983కీ, 1987కీ ఇచ్చి ఉంటే, రాజీ మన ప్రధానిని ఎందుకు గురిపెట్టిందో తెలుగు ప్రేక్షకుడికి కూడా సూటిగా తగిలేది.