గోడ కృష్ణను ఆపింది, బుడమేరు వెనక నుంచి వచ్చింది

2024 సెప్టెంబరు 2న విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వెళ్లింది. 1957లో బ్యారేజీ వచ్చాక అంత నీరు ఎన్నడూ రాలేదు. అంతకుముందు కృష్ణకు వరద అంటేనే నది పక్కనున్న కృష్ణలంక వాళ్లకు టెన్షన్. 2019లో ఇంతకన్నా తక్కువ ప్రవాహానికే తారకరామనగర్, భూపేష్‌గుప్తానగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఈసారి నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ నిలబడింది, కృష్ణలంక చాలావరకు గట్టెక్కింది.

అదే రోజు ఊరికి అవతలి వైపున సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల్లో జనం మేడల మీదే ఉన్నారు. అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు డ్రోన్లతో అందించాల్సి వచ్చింది. వాళ్లను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు.

మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే చిన్న ఏరు ఇది. ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగుకాలువలా కనిపిస్తుంది. కానీ కొండల మీద కుంభవృష్టి కురిస్తే గంటల్లోనే ఉగ్రరూపం ఎత్తుతుంది. దీన్ని బెజవాడ దుఃఖదాయిని అని ఊరికే అనలేదు. ఊరిని కాపాడేందుకే వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టారు. అక్కడ గేట్లు దించితే వరద డైవర్షన్ ఛానల్‌లోకి మళ్లి, ఇబ్రహీంపట్నం వైపు వెళ్లి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. ఆ కాలువ మోయగలిగేది సుమారు 15 వేల క్యూసెక్కులు. అంతకు మించితే గేట్లు ఎత్తాల్సిందే. అప్పుడు నీరు పాత దారి పట్టి నగరంలోకే వస్తుంది.

రెగ్యులేటర్ వచ్చాక ఏటి పక్క నేల సురక్షితమని అందరూ నమ్మారు. ధర తక్కువ కాబట్టి పేదలు అక్కడే ఇల్లు కట్టుకున్నారు. వాంబే కాలనీ పేరు కూడా 2001లో మొదలైన వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన నుంచి వచ్చిందే. అంటే సర్కారు ఇళ్లు కూడా ఆ పల్లంలోనే లేచాయి. 2005లో బుడమేరు పొంగి ఊరిని ముంచినప్పుడు అందరికీ ఒక హెచ్చరిక అందింది. అయినా కాలువ వెడల్పు పెరగలేదు, ఇళ్లు మాత్రం పెరిగాయి. వరద రక్షణ కట్టడాల విషయంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. గట్టు చిన్న వరదల్ని ఆపుతుంది, ఆ ధైర్యంతో జనం చేరతారు. పెద్ద వరద వచ్చేసరికి మునిగేవాళ్ల సంఖ్య గట్టు లేనప్పటికన్నా ఎక్కువగా ఉంటుంది.

వరద ముప్పును లెక్కగట్టే మోడల్ అంటే కొండ మీద ఎంత వాన పడితే ఏటిలోకి ఎంత నీరు వస్తుంది, కాలువ ఎంత మోస్తుంది, మిగిలింది ఏ వీధిలో ఎంత లోతున నిలుస్తుంది అన్న లెక్క. ఇందులో రెండు చోట్ల మనం తప్పటడుగు వేస్తాం. మొదటిది, ‘వందేళ్లకోసారి వచ్చే వరద’ అనగానే మన కాలంలో రాదులే అనుకోవడం. నిజానికి ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి. ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండే కుటుంబం దాన్ని చూసే అవకాశం నూటికి ఇరవై ఆరు.

రెండోది విజయవాడకు మరీ ముఖ్యం. కృష్ణకు ఒక లెక్క, బుడమేరుకు ఒక లెక్క విడివిడిగా వేస్తే సరిపోదు. ఒకే వాయుగుండం రెండింటి మీదా కురుస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే డైవర్షన్ ఛానల్ నీటిని నది తీసుకోదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఆ ఒత్తిడికి కట్టలు తెగుతాయి. 2024లో కవులూరు వైపు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, సైన్యం సాయంతో మూడోది పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. అప్పటిదాకా నీరు ఊరి మీదికి వస్తూనే ఉంది. కట్ట తెగదు అన్న ఊహతో గీసిన ముంపు మ్యాప్‌లో ఆ వారం రోజులకు చోటే ఉండదు.

నీరు తీసిన తర్వాత సింగ్‌నగర్ ఇళ్లలో గోడల మీద స్విచ్‌బోర్డు దాటి మట్టి చారలు మిగిలాయి. ఫ్రిజ్‌లు, తడిసిన పరుపులు, బురద పట్టిన పిల్లల పుస్తకాలు వీధుల్లో కుప్పలు పడ్డాయి. ఏ ఇంట్లో ఆ చార ఎంత ఎత్తున ఉందో కొలిచి రాసుకుంటే, మోడల్ చెప్పే లోతు నిజమో కాదో తేల్చే కొలబద్ద అదే. సున్నం వేయకముందే ఆ కొలతలు తీసుకోవాలి. వెలగలేరులో గేట్లు ఎత్తితే తమ వీధికి ఎన్ని గంటల్లో, ఎంత లోతు నీరు వస్తుందో వాంబే కాలనీలో ప్రతి కుటుంబానికీ ముందే తెలిసి ఉండాలి.