డార్క్ ఏల్‌ల కిస్మిస్ రుచి: ఈస్ట్ మీద అపోహలు, వాస్తవాలు

ఎండాకాలం వచ్చిందంటే బల్లార్షా, చంద్రాపూర్ దిక్కు ఇంట్ల డార్క్ ఏల్ (ముదురు రంగు బీరు) చేసే మన పిల్లల ఫోన్లు మొదలు, "అన్నా, బీరుల కిస్మిస్, ఖర్జూరం వాసన రావాలె, ఏ ఈస్ట్ (చక్కెరను ఆల్కహాల్ చేసే సూక్ష్మజీవి) తెప్పియ్యాలె?" అని. (లైసెన్స్ సంగతి ముందు చూసుకోండి, లేకుంటే మహారాష్ట్రల ఇంట్ల చేసినా ఎక్సైజ్ కేసే.)

అపోహ: బెల్జియన్ ఈస్ట్ ఎంత వేడిల పెడితే అంత ఫ్రూట్ వాసన.

పైసలన్నీ మునిగేది ఇక్కడనే. వేడిల ఫ్రూట్ వస్తది, కాదంటలేను, కానీ ఏ ఫ్రూట్? లాల్‌బ్రూ అబ్బే అనే బెల్జియన్ రకం ఈస్ట్ ఉంది, దాని రేంజ్ 17 నుంచి 25 డిగ్రీలు, కింది దిక్కు ఉంచితే కిస్మిస్, ఖర్జూరం, అంజీర్, పైకి పోయినకొద్దీ అరటిపండు, మసాలా ఘాటు. కంపెనీవాళ్లే రాసిండ్రు, చదివేటోడు ఏడి? పైగా ఆ డిగ్రీలు గదివి కావు, బీరు పులిసే బకెట్ లోపలివి. ఈస్ట్ పనిల పడ్డదంటే సొంతంగ వేడి పుట్టిస్తది, మొదటి రెండు మూడు రోజులు గదికన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు. మా బామ్మర్ది మే నెలల కూలర్ ముంగట పెట్టి "చల్లగనే ఉంది బావా" అన్నడు. కూలర్ గాలి కొంత చల్లగనే, మన చెమటకు ఇంకా చల్లగ అనిపిస్తది, బకెట్‌కు చెమట ఎక్కడిది? తాగితే అరటిపండు, దాని మీద నెయిల్ పాలిష్ వాసన. టబ్బుల నీళ్లు పోసి, బకెట్‌కు తడిగుడ్డ చుట్టి, ఐస్ చేసిన బాటిళ్లు మార్చుకుంట ఉంటే ఆ కూలరే పనికొస్తది, అయినా మే నెలల కష్టమే, డిసెంబర్, జనవరిల చేసుకోండి. మొదటి మూడు రోజులు 18 దాటనియ్యొద్దు, తర్వాత మెల్లగ 22 దాకా పోనిస్తే మిగిలిన చక్కెర తినేస్తది.

"ఈస్ట్ మంచిదైతే చాలు" అనేది ఇంకోటి. బెల్జియంల వెస్ట్‌మాల్ మఠంల చేసే డుబ్బెల్‌కు (ముదురు రంగు ఏల్), ట్రిపెల్‌కు (లేత రంగు ఏల్) ఈస్ట్ ఒక్కటే, కిస్మిస్ రుచి మాత్రం డుబ్బెల్‌లనే, ఎందుకంటే అండ్ల డార్క్ క్యాండీ షుగర్ (నల్లగ అయ్యేదాకా కాచిన చక్కెర) పడతది. మీరు ఆ షుగర్ సిరప్ అన్నా, స్పెషల్ బి మాల్ట్ (మొలకెత్తించి బాగ వేయించిన బార్లీ) మొత్తం మాల్ట్‌ల 5 శాతం అన్నా వెయ్యాలె. అసలు కిస్మిస్‌లే వేస్తే? చక్కెరంతా ఆల్కహాల్ అయిపోతది, రుచి మిగిలేది కొంచెమే. బ్రెడ్ ఈస్ట్ గురించి అడగనే అడగొద్దు.

ఇంట్ల అమ్మలు "కళ్లు పోతయేమో బిడ్డా" అని భయపడతరు, కల్తీ సారా వార్తలు చదివినోళ్లు, వాళ్ల తప్పేం లేదు. ఆ చావులు సారాల మిథనాల్ కలిపినందుకు, ఏల్ సారా లెక్క బట్టీల కాచేది కాదు, మాల్ట్‌తోని ఆ భయం లేదు. భయపడాల్సింది సీసా పేలుడుకు. గ్రావిటీ (బీరుల చక్కెర ఎంత మిగిలిందో చెప్పే కొలత) మూడు రోజులు కదలకుంటెనే సీసాలకు పట్టండి, బుడగలు ఆగినయని కాదు.