చెయ్యి పట్టుకోకుండా థెరపీ: ఈ సందేహం ఎప్పటిది?

1917 మార్చిలో, న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో, కొద్దిమంది ఒక ఇంట్లో కూర్చుని ఆక్యుపేషనల్ థెరపీకి (రోజువారీ పనులు చేసుకోలేకపోతున్నవాళ్లు వాటిని తామే చేసుకునేలా సాయపడే చికిత్సకి) అమెరికాలో మొదటి జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఆ ఇల్లు జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్‌ది. ఆయన ఆర్కిటెక్ట్. క్షయతో బాధపడ్డారు, ఆ తర్వాత శరీరం ఎడమ పక్క చచ్చుబడింది. ఆ ఇంట్లోనే తోటపని, వడ్రంగం చేసుకుంటూ కోలుకున్నారు. వీడియోలో థెరపీ ఏమిటని ఎవరైనా విసుక్కున్నప్పుడల్లా నాకు ఆ ఇల్లే గుర్తొస్తుంది. ఈ వృత్తి ఇంట్లో పుట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం అది ఆస్పత్రులకి చేరి, చాలావరకు అక్కడే స్థిరపడింది. ఇళ్లకి వెళ్లే థెరపిస్టులు లేకపోలేదు. కానీ ప్రయాణానికే సగం రోజు పోతే చూడగలిగేది ఎంతమందిని?

దూరం నుంచి వైద్యం మాత్రం పాతదే. 1959లో నెబ్రాస్కా యూనివర్సిటీ వైద్యులు ఇరువైపులా కనిపించే టీవీతో మానసిక వైద్యం మొదలుపెట్టారు. 1964కల్లా సుమారు 180 కిలోమీటర్ల దూరంలోని ఆస్పత్రితో కలిపారు. అది ప్రధానంగా మాటలతో నడిచే వైద్యం కాబట్టి తెర అడ్డు రాలేదు.

ఆక్యుపేషనల్ థెరపిస్టుల ఇబ్బంది వేరు. స్ట్రోక్ వచ్చిన మనిషి మోచేతిని ఒకసారి మెల్లగా, ఒకసారి వేగంగా చాపి చూస్తారు. వేగంగా చాపినప్పుడు కండరం ఎంత ఎదురుతిరుగుతోందో చేతికి తెలుస్తుంది, కంటికి సరిగ్గా తెలియదు. వాపుని వేలితో నొక్కి గుంట పడుతుందో లేదో చూడాలి. చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే స్ప్లింట్ చేయాలంటే వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్‌ని చల్లారేలోపు రోగి చేతి మీదే మలచాలి. ఇవేవీ ఫోన్‌లో జరగవు. కాబట్టి వాళ్ల సంకోచాన్ని టెక్నాలజీ అంటే భయం అని కొట్టిపారేయడం అన్యాయం.

అయినా వృత్తి తలుపులు మూసుకోలేదు. టెలీహెల్త్, అంటే ఫోన్, వీడియోలతో దూరం నుంచి సేవ చేసే పద్ధతిని ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య 2014లోనే అంగీకరించింది. ఎదురుగా ఉండి చేసే సేవకి ఏ ప్రమాణాలున్నాయో దీనికీ అవే ఉండాలంది. 2020లో కోవిడ్ వచ్చాక, అప్పటిదాకా దీని జోలికి పోనివాళ్లు కూడా రాత్రికి రాత్రే కెమెరా ముందు కూర్చోవాల్సి వచ్చింది.

అప్పుడు క్లినిక్‌లో ఎన్నడూ చూడనివి కనిపించాయి. అక్కడ గుండీలు పెట్టడం నేర్పేది చెక్కకి బిగించిన గుడ్డ మీద, పెద్ద పెద్ద గుండీలతో. ఇంట్లో ఆ మనిషి తొడుక్కునే చొక్కా గుండీలు చిన్నవి, కాజాలు బిగుతు. “ఫోన్ కాస్త పక్కకి జరపండి, భుజం కనిపించాలి” అంటే కొడుకు జరుపుతాడు. వేళ్లు చేయలేని పనికి భుజం పైకి లేస్తోందని అప్పుడు తెలుస్తుంది. కుర్చీ ఎత్తు, బాత్రూం గడప, కాలికి తగిలే చాప అన్నీ కళ్ల ముందే. పిల్లల విషయంలో తల్లిదండ్రులే థెరపిస్టు చేతులయ్యారు. సెషన్ అయ్యాక కూడా రోజంతా ఆ పద్ధతి కొనసాగడం పెద్ద లాభం. ఇంటిపనీ ఉద్యోగమూ మోస్తున్న తల్లికి అదే ఇంకో బరువు కూడా. దీన్ని మనం తగినంత మాట్లాడుకోవడం లేదనిపిస్తుంది. నిలబడటానికే తూలే రోగిని పట్టుకునేవాళ్లు పక్కన లేకపోతే ఆ రోజు సెషన్ ఆపడమే మంచిది.

డబ్బు సంగతి ఇంకా తేలలేదు. అమెరికాలో వృద్ధులకుండే ప్రభుత్వ బీమా మెడికేర్, 2020కి ముందు ఆక్యుపేషనల్ థెరపిస్టుల వీడియో సేవలకి చెల్లించేది కాదు. కోవిడ్ కాలంలో ఒప్పుకుంది, కానీ తాత్కాలికంగానే. తర్వాత గడువు ముగిసే వేళకి మళ్లీ మళ్లీ పొడిగిస్తూ వచ్చారు. నెలల తరబడి సాగే చికిత్సలో ఉన్న మనిషికి వచ్చే గడువు దాటాక ఈ సెషన్లు ఉంటాయో లేదో థెరపిస్టు చెప్పలేని పరిస్థితి అలా వచ్చింది.