పొట్టు విడవని గోధుమ

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. సార్వా కోతలు అయిపోయాయి.

మొన్న ఫోన్‌లో మీరడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. అమ్మ తెచ్చిన పిండి ప్యాకెట్ మీద ‘స్పెల్ట్’ అని ఉంది, స్కూల్లో చెప్పే స్పెల్లింగ్‌కీ దానికీ ఏమిటి సంబంధం అన్నారు కదా. ఏ సంబంధమూ లేదు. తాగే పాలూ, పొలంలో వాటాగా వచ్చే పాలూ మనం ఒకేలా రాయడం లేదూ? ఇదీ అంతే. అక్షరాలు కూడబలికే ‘స్పెల్’ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఈ ‘స్పెల్ట్’ ఒక పాతకాలపు గోధుమ పేరు.

ఈ గోధుమ గుణం తెలియాలంటే మన వడ్లని తలుచుకోండి. మామూలు గోధుమ కంకుల్ని నూరిస్తే గింజ పొట్టులోంచి దానంతట అదే బయటపడుతుంది. తూర్పారబట్టి నేరుగా పిండి మరకి పంపొచ్చు. స్పెల్ట్ అలా లొంగదు. కొడితే కంకి ముక్కలుముక్కలుగా విరుగుతుంది కానీ, ఒక్కో ముక్కలో సాధారణంగా రెండేసి గింజలు గట్టి పొట్టులోనే ఉండిపోతాయి. ఆ పొట్టు తీయడం మళ్ళీ ఇంకో పని. మా అమ్మ తెల్లారకముందే లేచి రోట్లో వడ్లు పోసి దంపేది. ఒక దంపు అయ్యాక చేటతో చెరిగి, మళ్ళీ దంపేది. ఆ రోకలి చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. కళ్ళంలో నూర్చినంత మాత్రాన అన్నం వండుకోలేమని నాకు అప్పుడే తెలిసింది.

పని రెండుసార్లు కాబట్టి పేర్లూ రెండు వస్తాయి. మనకి పొట్టుతో ఉంటే వడ్లు, పొట్టు తీస్తే బియ్యం. జర్మనీలో ఈ గోధుమని ‘డింకెల్’ అంటారు. అక్కడి ష్వాబియా ప్రాంతంలో పొట్టు తీసిన గింజకి ‘కెర్నెన్’ అని వేరే పేరుంది. ఇది చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో! రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 301లో సరుకులకి గరిష్ఠ ధరలు కట్టించాడు. ఆ శాసనంలో ‘స్పెల్టా’ అనే మాట కనిపిస్తుంది. అందులోనూ పొట్టు తీసినదానికి ఎక్కువ ధర, తీయనిదానికి తక్కువ. వడ్ల ధర, బియ్యం ధర అన్నట్టే! ఈ ‘స్పెల్టా’ మాట మూలంలో ‘చీలడం’ అనే అర్థం ఉండవచ్చని భాషా పండితులు చెబుతారు.

ఇంకో సంగతి. దీన్ని గోధుమలకే ముత్తాత అని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఎమ్మర్ అనే ఇంకా పాత గోధుమ ఉంది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో ‘ఖప్లీ’ పేరుతో పండించేది అదే. 28 క్రోమోజోములున్న (అంటే కణాల్లో వంశ లక్షణాలు మోసే పోగులు) ఎమ్మర్ జాతి గోధుమ, 14 ఉన్న ఒక అడవి గడ్డితో కాస్పియన్ సముద్రం వైపు వేల ఏళ్ళ కిందట కలిసి, 42 ఉన్న గోధుమలు పుట్టాయి. మామూలు గోధుమకీ స్పెల్ట్‌కీ ఉన్నవి ఆ 42యే. యూరప్‌లో పండే స్పెల్ట్ అయితే మామూలు గోధుమ మళ్ళీ ఎమ్మర్‌తో కలవగా వచ్చిందని జన్యు పరిశోధనలు చూపిస్తున్నాయి. అంటే ముత్తాత కాదు, బిడ్డ వరసే.

బైబిల్ పాత నిబంధన నిర్గమకాండం 9వ అధ్యాయంలో, ఐగుప్తు (ఈజిప్టు) మీద వడగళ్ళు పడినా ఆలస్యంగా ఎదిగినందువల్ల దెబ్బ తినని పైరుల మాట వస్తుంది. అందులో ఒకదాన్ని కొన్ని ఇంగ్లీషు బైబిళ్ళు ‘స్పెల్ట్’ అని రాశాయి. అది ఎమ్మర్ అయి ఉంటుందని పండితుల అభిప్రాయం.

వాన భయం జర్మనీ రైతులకీ ఉండేది. దక్షిణ జర్మనీలో పంట పాడవకుండా స్పెల్ట్‌ని పచ్చిగా ఉన్నప్పుడే కోసి, నిప్పుల వేడి మీద ఆరబెట్టేవారు. దాన్ని ‘గ్రూన్‌కెర్న్’ అంటారు, అంటే పచ్చగింజ. దాంతో ఇప్పటికీ సూప్ చేసుకుంటారు. 1996 నవంబరు తుఫానులో కోతకొచ్చిన మన చేను నీళ్ళలో పడుకుని, వెన్నుల్లోనే వడ్లు మొలకెత్తడం నేను కళ్ళారా చూశాను. అందుకే ఆ రైతుల తొందర నాకు బాగా అర్థమవుతుంది.

దిగుబడి తక్కువ, పైగా పొట్టు తీసే శ్రమ. అందుకే 20వ శతాబ్దంలో దీని సాగు బాగా తగ్గిపోయింది. సేంద్రియ వ్యవసాయం పెరిగాక మళ్ళీ వచ్చింది. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఇందులోనూ గ్లూటెన్ అనే గోధుమ మాంసకృత్తు ఉంటుంది. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బుతో గోధుమ మానేసిన మీ స్నేహితుడికి ఈ రొట్టె పొరపాటున కూడా పెట్టొద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పొట్టుతో ఉన్న స్పెల్ట్ గింజలు ఎక్కడైనా దొరికితే గుప్పెడు తీసుకురండి. మా అమ్మ రోకలి అటక మీద ఉంది, దింపి కడిగి ఉంచుతాను.

మీ తాతయ్య