ఫాస్టర్ పేరెంట్స్, చట్టం, బీమా: అపోహలు - వాస్తవాలు

మన తెలుగులో ఒక చిక్కుంది. దత్తత తీసుకున్నా "పెంచుకుంటున్నాం" అంటాం, ఫాస్టర్ కేర్‌లో కొన్నాళ్లు చూసుకున్నా "పెంచుకుంటున్నాం" అనే అంటాం. బెంగళూరులో లాయర్‌గా నా దగ్గరకు వచ్చే తెలుగు కుటుంబాల ఇబ్బందులు చాలావరకు ఈ ఒక్క మాట దగ్గరే మొదలవుతాయి.

అపోహ: "మా ఇంట్లో పెరుగుతోంది కాబట్టి మా పిల్లే."

ప్రేమ సంగతి వేరు, చట్టం సంగతి వేరు. ఫాస్టర్ కేర్‌లో, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్ కింద బాలల సంక్షేమ కమిటీ ఆర్డర్ ఇచ్చి పిల్లను మీ దగ్గర ఉంచుతుంది. చదువు, వైద్యం, తిండి మీ బాధ్యత. కమిటీ నెలనెలా వచ్చి చూస్తుంది. కమిటీ వద్దంటే తప్ప కన్నవాళ్లు కూడా వచ్చి కలవవచ్చు. మీ ఆస్తిలో పిల్లకు వారసత్వ హక్కు దానంతట అది రాదు. 2024లో కేంద్రం సవరించిన నమూనా మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు పెంచాక దత్తతకు అడగవచ్చు. అదీ ఆ పిల్ల దత్తతకు అర్హురాలైతేనే.

ఇక్కడ ఆర్డర్ కన్నడంలో రావచ్చు. లిపి మనదానికి దగ్గర కదా అని కూడబలుక్కుని చదివేసి బీరువాలో పెట్టేస్తారు. కన్నడం బాగా వచ్చినవాళ్లతో పూర్తిగా చదివించుకోండి, ముఖ్యంగా గడువు తేదీ. అసలు ఆర్డరే లేకుండా అనాథ పిల్లనో, వదిలేసిన పిల్లనో దత్తత పేరుతో ఇంటికి తెచ్చుకుంటే 80వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ.

అపోహ: "వాడేం పగలగొట్టినా మేమే కట్టాలి."

కె.ఆర్.పురం వైపు ఒక అపార్ట్‌మెంట్. ఫాస్టర్ కేర్‌లో ఉన్న పదకొండేళ్ల బాబు కొట్టిన బంతి కింద పార్క్ చేసిన కారు ముందు అద్దానికి తగిలింది. కారు ఆయన గొడవకు వచ్చాడు. ఆ రాత్రి దుప్పటి తీస్తుంటే మంచం కింద బాబు సంచి కనిపించిందట. రెండు జతల బట్టలు, స్కూలు ఐడీ కార్డు, అరపాకెట్ బిస్కెట్లు. తనను పంపించేస్తారని సర్దేసుకున్నాడు. వాడిని పెంచుతున్న తల్లి ఫోన్‌లో నాకు అద్దం ధర చెప్పలేదు, ఈ సంచి గురించే చెప్పి ఏడ్చింది.

మన దేశంలో పిల్లలు చేసిన నష్టానికి పెద్దవాళ్లు తమంతట తామే బాధ్యులైపోరు. పెద్దవాళ్ల నిర్లక్ష్యం ఉందని అవతలివాళ్లు చూపించాలి. సొంత పిల్లలకైనా ఇదే నియమం. పైగా ఆ కారుకు కాంప్రహెన్సివ్ పాలసీ (సొంత కారుకు జరిగిన నష్టానికీ వర్తించే బీమా) ఉంది, అద్దం క్లెయిమ్ అందులోనే చేసుకోవచ్చు. చివరికి అలాగే చేశారు. క్లెయిమ్‌లో ఆయన చేతి నుంచి పోయిన కొంత డబ్బు మాత్రం ఈ తల్లే ఇచ్చేసింది. చట్టం ఇవ్వమనలేదు, ఇరుగుపొరుగు మర్యాద అది.

బండి విషయం మాత్రం దీనికి పూర్తిగా వేరు. "సందు చివరిదాకే కదా" అని లైసెన్స్ లేని మైనర్‌కు స్కూటీ తాళం ఇచ్చారా, మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ నేరుగా గార్డియన్ మీదికీ, బండి ఓనర్ మీదికీ వస్తుంది. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఎవరికైనా దెబ్బ తగిలితే బీమా కంపెనీ బాధితుడికి పరిహారం కట్టి, అదంతా ఓనర్ నుంచి వసూలు చేసుకోమని ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్ చెప్పవచ్చు. తాళాలు అందకుండా పెట్టండి. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే.

అపోహ: "ఆఫీసు ఇన్సూరెన్స్‌లో పేరు ఎక్కిస్తే సరి."

జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్‌లో నెలవారీ ఆర్థిక సాయం గురించి ఉంది కానీ బీమా అన్న మాట లేదు. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద వచ్చే నెలకు 4,000 రూపాయలు పిల్ల ఖర్చుకే. ఆఫీసు పాలసీల్లో డిపెండెంట్ అంటే ఎక్కువగా కన్న పిల్లలు, చట్టబద్ధంగా దత్తత తీసుకున్న పిల్లలు. అందుకని ఫారంలో "కూతురు" అని రాసేస్తే క్లెయిమ్ రోజున దొరికిపోతారు. ఆర్డర్ కాపీ జతచేసి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, జవాబు కూడా మెయిల్లోనే తీసుకోండి. కుదరదంటే ఆ జవాబుతో జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడగండి. అన్నట్టు, ఆసుపత్రిలో "కన్నవాళ్ల సంతకం కావాలి" అంటే కంగారుపడవద్దు. పన్నెండేళ్లలోపు పిల్లల విషయంలో చట్టబద్ధంగా వాళ్లను చూసుకుంటున్నవారి సమ్మతిని భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ గుర్తిస్తుంది. ఆర్డర్ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి.

అపోహ: "ఏదైనా జరిగితే బయటికి చెప్పకపోవడమే మేలు."

నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ మాట వింటేనే. పాప తన మీద లైంగిక వేధింపు జరిగిందని చెప్పుకుంటే, అది పాత ఇంట్లో జరిగినా సరే, పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే పోక్సో చట్టం 21వ సెక్షన్ కింద శిక్ష మీకు పడుతుంది. పిల్లను కొట్టినా, పట్టించుకోకుండా వదిలేసినా జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. ఎవరైనా కావాలని ఫిర్యాదు చేస్తేనో అన్న టెన్షన్ నాకూ అర్థమవుతుంది.

నా దగ్గరకు వచ్చే ఒక ఆవిడ మామూలు రెండు వందల పేజీల స్కూలు నోట్‌బుక్ పెట్టుకుంది. తేదీ, ఏం జరిగింది, ఎవరికి చెప్పాను, అంతే రాస్తుంది. ఒకసారి బాబు చేతి మీద కమిలిన మచ్చ చూసి ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. విచారణకు వచ్చినవాళ్ల ముందు ఆవిడ నోట్‌బుక్ తెరిచింది. సైకిల్ మీంచి పడ్డ రోజు, క్లినిక్ చీటీ, ఆ సాయంత్రమే జిల్లా విభాగానికి పంపిన మెసేజ్, మూడూ ఒకే పేజీలో పిన్ చేసి ఉన్నాయి. బాబును విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఏ గుంతలో పడ్డాడో వాడే తీసుకెళ్లి చూపించాడు. విచారణ ఆ ఒక్క రోజుతో అయిపోయింది.